ప్లూటో, గూడ, మా అన్న

పోయిన నెల మా ఊరి హైస్కూలు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చిన్న వయసు, మంచి పిల్ల. బళ్ళో పాతకాలపు సేద్యపు పనిముట్లతో ఏదో ప్రదర్శన పెడుతున్నారట, మా ఇంట్లో గూడ ఉందని ఎవరో చెప్పారట. ఉంది. గూడ అంటే ఏమిటో ఈ కాలపు వాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. వెదురు బద్దలతో చేటకన్నా లోతుగా అల్లి, నీళ్ళు కారకుండా తారు పూసిన బుట్ట అది. దానికి ఒక పక్క రెండు తాళ్ళు, ఇంకో పక్క రెండు తాళ్ళు. చెరువు నీళ్ళు తగ్గి, మడి పైనా నీళ్ళు కిందా అయిపోయినప్పుడు, కాలువ గుంతకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి, ఆ తాళ్ళు పట్టుకుని బుట్టను ఊపి, ముంచి, ఎత్తి, పై కాలువలోకి నీళ్ళు విసురుతారు. అదీ గూడ వేయడమంటే. టీచరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, మీరు ఒక పక్క పట్టుకోండి. ఇంకో పక్క తాళ్ళు ఈ స్తంభానికి కట్టేద్దాం. ఫోటోకే కదా" అంది. "స్తంభం వంగదు కదమ్మా. వంగనిదాంతో గూడ ఎట్ల యాస్తారు?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది, తాతకు హాస్యం ఎక్కువ అనుకుంది కాబోలు. కట్టేసింది, ఫోటో తీసుకుని పోయింది. ఇప్పుడు ఆ బడి గోడ మీద నేను ఒక స్తంభంతో కలిసి నీళ్ళు తోడుతూ ఉంటాను. చూసిన పిల్లలు గూడ అంటే అంతేనని నేర్చుకుంటారు. ఈ దేశంలో చదువు ఇట్లాగే చెబుతారు.

ఆ కోపంలోనే ఇది రాయడానికి కూర్చున్నాను. చిన్ననాటి సంగతులు రాయమని చాలామంది అడుగుతుంటారు. నేను చిన్నప్పుడు మేకల వెనక తిరిగాను, అందులో రాయడానికేమీ లేదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు చదువులో బాల్యం నలభై ఎనిమిదో ఏట వచ్చింది. టీ అంగట్లో బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, నూనె మరకల కింద అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, మెల్లగా మండలం లైబ్రరీ దాకా పోయినవాణ్ణి నేను. పందొమ్మిది వందల తొంభైలు ముగుస్తున్న ఆ రోజుల్లో నా వయసు పిల్లలంతా మనవళ్ళను ఎత్తుకుంటుంటే నేను ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసుకుంటున్నాను. ఎవరికైనా మొదటిసారి కళ్ళు తెరుచుకునే ఏళ్ళే కదా బాల్యం? నావి అవి.

మాది శింగనమల చెరువు కింద ఒక ఊరు. ఇల్లు ఒకటే, నడుమ మట్టిగోడ పెట్టి రెండు చేశారు. అవతల మా అన్న నాగప్ప, వదిన. ఇవతల మా అమ్మ, నేను. నేను పెండ్లి చేసుకోలేదు. గోడలో చిన్న కిటికీ ఉండేది. మధ్యాహ్నం వదిన ఆ కిటికీలో గిన్నె పెట్టేది, రాగి సంగటి ముద్ద, పైన గుంట చేసి అందులో శెనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఆ గిన్నె వేడి గోడమట్టికి తగిలి ఒక వాసన వచ్చేది. వాన మొదటి చినుకుకు వచ్చే వాసన అందరికీ తెలుసు, ఇది దానికి చిన్న చెల్లెలు లాంటిది. మా అన్న తినే ముందు నీళ్ళ చెంబు ఎత్తి మొదటి గుక్క నేలమీద పోసేవాడు. ఎందుకన్నా అంటే, "దానికి మనకన్నా ముందు దప్పికయ్యింటాది" అనేవాడు. పెద్ద మనిషి, నిలబడితే గడప నిండిపోయేది. నేను ఆయనలో సగం. ఊళ్ళో నాకు పేరు లేదు, నాగప్ప తమ్ముడు అంటే చాలు. మా నాయన పోయేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. మేకలు తాను పట్టుకుని, నాకు పలక ఇచ్చి బడికి పంపించింది ఆయనే. మూడేళ్ళు పంపాడు, ఆ తరువాత కరువు వచ్చింది, ఇద్దరమూ మేకల వెనకే. ఆయనకు ఆ మూడేళ్ళు కూడా లేవు.

ఆ మనిషిని నేను ఏమన్నానో ఇప్పుడు రాయాలి. అమ్మ పోయిన పదకొండో రోజు, బంధువులంతా బంతిలో కూర్చున్నారు. అన్న గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. ఎవరో గ్రహణం మాట తెచ్చారు. అన్న వడ్డిస్తూనే, "పాము మింగి కక్కుతాది, అంతే కదప్పా" అన్నాడు. నేను అప్పటికి లైబ్రరీలో ఆకాశం గురించి రెండు పుస్తకాలు చదివి ఉన్నాను. రెండు పుస్తకాలు చదివినవాడంత ప్రమాదకరమైన మనిషి ఉండడు. పగలబడి నవ్వి, అంతమందిలో, "నోరు మూసుకోన్నా. అక్షరం ముక్క రానోనివి, నీకేం తెలుసు?" అన్నాను. గరిటె గాలిలో ఆగిపోయింది. అన్న నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, కోపం ఉంటే బాగుండేది. "సరేప్పా. మూసుకుంటాలే" అన్నాడు. పుట్టినప్పటినుంచి నన్ను "రా" అని పిలిచిన మనిషి ఆ రోజు "అప్పా" అన్నాడు. ఆ తరువాత వంతు ప్రకారం తక్కిన బంతి మొత్తానికీ వడ్డించి, నా ఆకులోనూ పప్పు వేసి పోయాడు. నోరు మాత్రం నిజంగానే మూసుకున్నాడు, తొమ్మిదేళ్ళు.

కిటికీలో గిన్నె మానలేదు. ఒకే గోడకు అటు ఆయన దగ్గు, ఇటు నా దగ్గు. మాట మాత్రం లేదు. క్షమించమని అడగవచ్చు కదా అంటారు చదివేవాళ్ళు. అడగవచ్చు. నాలాంటి మొండిముండాకొడుక్కి అది ఎంత కష్టమో మీకు తెలియదు. తప్పు నాదని మొదటి రోజే తెలుసు నాకు. తెలిసినకొద్దీ ఆ గోడకు వీపు తిప్పి పడుకునేవాణ్ణి.

కానీ మడి ఇద్దరిదీ కలిసే ఉంది, చెరువు కింద ఎకరం. ఎకరాన్ని ముక్కలు చేస్తే ఎవరికీ పంట రాదు కాబట్టి పంచుకోలేదు. చెరువు నిండిన ఏడు వరి నాటేవాళ్ళం. పైరు పొట్టకొచ్చే వేళకు కాలువ అడుగుకు దిగేది, అప్పుడు గూడ వేయక తప్పదు. ఇంకొకణ్ణి తెచ్చుకుంటే కుదరదు. జోడీ అంటే చేతులు ఒకరికొకరు ఎరిగి ఉండాలి. అన్న బరువుకు గూడ ఆయన వైపు గుంజుకుపోయేది, అందుకని ఆయన వైపు తాళ్ళు మూర కురచ చేసి, నావి పొడుగు విడిచి కట్టేవాళ్ళం. అప్పుడు గూడ ఆయనకు దగ్గరగా, నాకు దూరంగా, అయినా ఇద్దరికీ నడుమనే ఆడేది. అది ఇరవై ఏళ్ళ లెక్క, ఇంకొకరికి నేర్పేది కాదు. కాబట్టి మాట్లాడుకోని అన్నదమ్ములం తెల్లవారగానే ముందొకరు వెనకొకరు పోయి గుంతకు అటూ ఇటూ నిలబడేవాళ్ళం. ఇంకెక్కడైనా మొహాలు తిప్పుకోవచ్చు. గూడ దగ్గర వీలుకాదు, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తేనే ఎప్పుడు వంగాలో ఎప్పుడు లేవాలో తెలుస్తుంది.

గుంతలో నిలబడినవాళ్ళకు పైనున్న మడి కనిపించదు. అందుకే లెక్క పెట్టడం. ఇన్ని వందల గూడలకు ఈ మడి నిండుతుందని తెలుసు. మా వైపు వాడుక ఏమంటే, ఒక అంకె ఒకడు, తరువాతి అంకె ఎదుటివాడు. "ఒగటి" ఆయన, "రెండు" నేను. "మూడు" ఆయన, "నాలుగు" నేను. నూరు నాది కాబట్టి నూరు కాగానే గట్టు మీద ఒక రాయి పెట్టడం కూడా నా పని. మాటలు పోయిన తరువాత మా మధ్య మిగిలినవి ఆ అంకెలే. ఆయన "అరవై మూడు" అన్నప్పుడు గొంతులో జలుబు ఉందో లేదో తెలిసేది. ఎండకు అలసిపోతే "డెబ్బై ఒగటి" మీద ఊపిరి తెగేది. వదినతో గొడవ పడిన రోజు తొంభైలు విసురుగా వచ్చేవి. ఆ అంకెల కోసం నేను ఎంత ఎదురు చూసేవాణ్ణో ఎవరితోనూ చెప్పలేదు. మా అనంతపురం వానల సంగతి తెలిసిందే, ఆ తొమ్మిదేళ్ళలో చెరువు మాకు నీళ్ళిచ్చింది నాలుగుసార్లు. తక్కిన ఏళ్ళలో మాకు అంకెలు కూడా లేవు.

అట్లాంటి ఒక ఎండు సంవత్సరంలోనే లైబ్రరీలో నాకు ప్లూటో దొరికింది. అట్ట ఊడిపోయిన పుస్తకం. బయటి ఎండకు రేకులు చిటపటలాడుతుంటే, సూర్యుడు ఒక నలుసులాగా మాత్రమే కనబడే ఆ చలిలోకం గురించి చదివాను. దానికి ఒక పెద్ద చందమామ ఉంది, కేరన్ అని పేరు. అడ్డకొలతలో ప్లూటోలో సగం ఉంటుంది, బరువులో ఎనిమిదో వంతు. ఇంకే గ్రహానికీ తనలో సగమంత చందమామ లేదు. ఇక్కడే పుస్తకం నన్ను పట్టుకుంది. కేరన్ ప్లూటో చుట్టూ తిరగదట. అవి రెండూ కలిసి, రెండింటి నడుమ ఉన్న ఒక చోటు చుట్టూ తిరుగుతాయట. ఆ చోటు ప్లూటోకు దగ్గర, కేరన్‌కు దూరం, కానీ ప్లూటో లోపల కాదు, బయట, ఉత్త ఖాళీలో. భూమీ చంద్రుడూ కూడా అట్లాంటి చోటు చుట్టూనే తిరుగుతాయి, కాకపోతే అక్కడ ఆ చోటు భూమి కడుపులోనే ఉంది కాబట్టి భూమి పెద్దరికం చెల్లిపోతుంది. ప్లూటోకు ఆ వీలు లేదు. చిన్నది లాగితే పెద్దది కూడా అడుగు కదపవలసిందే.

ఇంకో ముక్క ఉంది. ఒకప్పుడు రెండూ తమ చుట్టూ తాము గిరగిరా తిరిగేవట. ఒకదాని లాగుడుకు ఇంకొకటి నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ, చివరికి రెండూ ఒకదానికొకటి ఎప్పటికీ ఒకే మొహం చూపించుకుంటూ నిలిచిపోయాయి. మన లెక్కలో ఆరు రోజుల చిల్లరకు ఒక చుట్టు. ఆ చుట్టు మొత్తంలో దీని వీపు అది చూడదు, దాని వీపు ఇది చూడదు. ప్లూటో అవతలి పక్కన ఎవడైనా పుట్టి పెరిగితే, తమ లోకానికి ఒక తోడు ఉందన్న సంగతే వాడికి తెలియకుండా చచ్చిపోతాడు.  నా భుజాల్లోని నరాలకు ఆ సంగతి ముందే తెలుసు. తాళ్ళు ఎందుకు కురచ కట్టాలో తెలిసినవాడికి ఆ ఖాళీ చోటు ఎక్కడుందో బొమ్మ గీసి చూపనక్కరలేదు. మరి మా బడి గోడ మీద తొమ్మిది గ్రహాలు గీసినవాడు ప్లూటోను నడుమ కూర్చోబెట్టి, చుట్టూ సున్నా చుట్టి, సున్నా మీద ఒక చుక్క పెట్టాడు. హెడ్మాస్టరుకు పోయి చెబితే "పిల్లలకు అంత అవసరమా పెద్దాయనా?" అన్నాడు. అబద్ధం మాత్రం అవసరమా?

ఊళ్ళో ఈ సంగతి చెబితే ఒంటితో అర్థం చేసుకోగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. గోడకు అవతల దగ్గుతున్నాడు. ఆయనకు చెప్పాలి. చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే ముందు ఆ పదకొండో రోజు మాటను వెనక్కు తీసుకోవాలి. పైగా చెప్పబోయేది మళ్ళీ ఆకాశం సంగతే. పుస్తకం చంకన పెట్టుకుని మళ్ళీ పాఠం చెప్పడానికి వచ్చినాడు అనుకుంటే?

మరుసటి ఏడు చెరువు నిండింది. గూడ దగ్గర నిలబడ్డాం. ఇవాళ చెబుతాను, ఈ నూరు కాగానే చెబుతాను అనుకుంటూ, నోటితో అంకెలు చెబుతూ, మనసులో మాటలు కూర్చుకుంటూ, గట్టు మీద రాళ్ళు పెట్టడం మరిచిపోయాను. ఒకటి కాదు, నాలుగైదు రాళ్ళు. అన్న చూశాడు. చూడకుండా ఉండే వీలే లేదు, నా ఎదురుగానే కదా నిలబడింది. కానీ తప్పు చెప్పాలంటే నాతో మాట్లాడాలి. ఆయన మాట్లాడలేదు. రాళ్ళు తక్కువున్నాయి కాబట్టి నేను ఆపలేదు. నేను ఆపలేదు కాబట్టి ఆయనా ఆపలేదు. పైన మడి నిండి, గట్టు తెగి, పక్కమడిలో హనుమంతు మాకన్నా ముందే నాటి, కోసి పరిచిన వరి పనలన్నీ నానిపోయాయి. హనుమంతు పరుగెత్తుకొచ్చి గుంత అంచున నిలబడ్డాడు.

"ఏమప్పా నాగప్పా, ఏమయ్యా నాగప్ప తమ్ముడూ! ఇద్దరికీ నోర్లు పడిపోయినాయా? ఒగని నోరు మూతబడితే ఇంగొగడన్నా చెప్పకూడదా? సెరువులో నీళ్ళు ల్యాక మేము సస్తాంటే మీరు నా పనలకు తానం పోయిస్తాండారా?"

నేను అన్న వైపు చూశాను. అన్న నా వైపు చూశాడు. తప్పు ఆయనదని నేను చెప్పలేను, నాదని ఆయన చెప్పడు. తాళ్ళు వదిలేసి పైకెక్కి, ఆ పూటంతా హనుమంతు పనలు ఒక్కొక్కటీ ఎత్తి గట్టు మీద తిరగేసి ఆరబెట్టాం. "ఈ అన్నదమ్ములు మాట్లాడుకుంటే ఊరికి ఒగ మడి నీళ్ళు మిగులుతాయి" అని హనుమంతు చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. నిజమే మరి.

ఆ తరువాత రెండేళ్ళకు పేపర్లో వచ్చింది, ప్లూటో ఇక గ్రహం కాదని. ఎక్కడో పెద్దపెద్ద చదువులవాళ్ళు ఒకచోట కూర్చుని చేతులెత్తి తీసేశారట. ఇకమీదట మరుగుజ్జు గ్రహం అనాలట. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. చేతులెత్తితే గ్రహాలు పోతాయా? ఆ లెక్కన మా పంచాయతీలో చేతులెత్తిస్తే వాన కూడా కురవాలి. మస్తాన్ టీ అంగడికి పోయేసరికి బెంచీల మీద వాళ్ళంతా నాకోసమే కాచుకుని ఉన్నారు.

"రాన్నా రా. నీ గ్రహాన్ని డిస్మిస్ చేసినారంట కదా, పింఛనన్నా ఇచ్చినారా?" అన్నాడు మస్తాన్.

అంతా నవ్వారు. అవతలి బెంచీ మీద అన్న కూర్చుని ఉన్నాడు, గ్లాసు రెండు చేతులా పట్టుకుని. ఆయన నవ్వలేదు. నన్ను చూడకుండా, "మస్తానూ, ఆయప్పను అడుగు. తీసేస్తే అది యాడికి పోయిందంట?" అన్నాడు.

మాట్లాడుకోనివాళ్ళు మూడో మనిషిని నడుమ పెట్టుకుని మాట్లాడుకోవడం మా వైపు ఉన్నదే. అన్నేళ్ళలో అన్న అదీ చేయలేదు.  మస్తాన్ నా వైపు తిరిగి, "యాడికి పోయిందన్నా?" అన్నాడు.

"యాడికీ పోలేదని చెప్పు. వీళ్ళు గ్రహమన్నా అనకున్నా అది ఆడనే తిరుగుతాండాది. దానికి తోడు ఒగటుండాది."

"తోడుండాదంట నాగప్పన్నా."

"ఇన్నాలే, నాకి సెవుడు ల్యాదు. ఆ తోడు దాని సుట్టూ తిరుగుతాందా, అడుగు."

"కాదని చెప్పు మస్తానూ. పెద్దదీ తిరుగుతాది, చిన్నదీ తిరుగుతాది. రెండిటికీ నడుమ ఏమీ లేని చోటు ఒగటుండాది, దాని సుట్టూ. ఆ చోటు పెద్దదానికి దగ్గర. ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటాయి, మొగం తిప్పుకోవు."

మస్తాన్ చెంబు కింద పెట్టేశాడు. "ఇది నేను చెప్పలేనప్పా, మీరే చూసుకోండి" అన్నాడు. ఎవరూ నవ్వడం లేదు. అన్న టీ చివరి గుక్క తాగి, గ్లాసు బోర్లించి, లేచి, తలగుడ్డ దులుపుకుంటూ మస్తాన్‌తో అన్నాడు.

"అంటే గూడ యాసినట్లనే కదా. తాడు కురచోడొగడు, పొడుగోడొగడు. అంతేనా, అడుగు."

నేను మూడేళ్ళుగా కూడబలుక్కుంటున్న మాట అది. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క గ్లాసు టీలో చెప్పేశాడు. అప్పుడు లేచి "అంతేనన్నా" అని ఉంటే సరిపోయేది. రెండే రెండు అడుగుల దూరం. అందరూ చూస్తున్నారు. నేను మస్తాన్ వైపే తిరిగి, "అంతేనని చెప్పు" అన్నాను. అన్న ఒక క్షణం ఆగి, వెళ్ళిపోయాడు. ఆ క్షణం ఎందుకు ఆగాడో నాకు తెలుసు. చదువు నాకు ధైర్యం ఇచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు మా చెరువు కింద గూడలు లేవు. బోర్లు వేశారు. మొన్న హనుమంతు మనవడు అనంతపురంలో బస్టాండులో నిలబడి సెల్‌ఫోను నొక్కితే ఇక్కడ మోటారు ఆడింది. ఆ రోజుల్లో నీళ్ళు తోడాలంటే ఇద్దరుండాలి, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టకపోయినా ఉండాలి. ఇప్పుడు ఒక్కడు చాలు, ఆ ఒక్కడు కూడా అక్కడ ఉండనక్కరలేదు. ప్లూటో దగ్గరికి యంత్రాన్ని కూడా పంపించారు. ఫోటోలు వచ్చాయి, నేనూ చూశాను. బాగున్నాయి. ఫోటోలు చూపించినవాళ్ళు పెద్దదాన్ని చూడు ఎంత అందంగా ఉందో అంటారు. పక్కనున్న ఆ బూడిదరంగు రెండోదాన్ని అడిగితే, ఆఁ, అది దాని చందమామ అంటారు. నాగప్ప తమ్ముడు అన్నట్టు.

టీ అంగడి సంగతి జరిగిన తరువాత ఏడు వాన లేదు. ఒక పొద్దున గోడకు అవతల దగ్గు వినబడలేదు. మధ్యాహ్నం కిటికీలో గిన్నె పెట్టి వదిన చెయ్యి అక్కడే ఉంచింది. "మీ అన్నకు ఎడమ పక్క పడిపోయిందప్పా. మంచం దిగలేకుండాడు" అంది. నేను గిన్నె ముట్టకుండా, వీధిలోంచి చుట్టు తిరిగి, తొమ్మిదేళ్ళ తరువాత ఆ గడప తొక్కాను. లోపల ఆముదం వాసన, కాచిన వాయిలాకు నీళ్ళ వాసన. అన్న మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి కుడిచెయ్యి కొంచెం ఎత్తాడు.

"కూసోరా" అన్నాడు.

కూర్చున్నాను. "అన్నా, ఆ పొద్దు బంతిలో నేను..." అని మొదలుపెట్టాను.

"అది ఇడిసిపెట్టు." మాట కొంచెం జారుతోంది, కానీ తెలుస్తోంది. "నాకొగటి చెప్పు. చిన్నది లాగుతాండాదని ఆ పెద్దదానికి తెలుసునా?"

"రాయి కదన్నా. రాళ్ళకేం తెలుస్తాది."

"నాకి తెలుసులేరా" అన్నాడు అన్న.

 వదిన చెంబుతో నీళ్ళు తెచ్చింది. అన్న నీళ్ళు తాగి, "ఆడికి ఇవతల ఏముండాది? వరసన చెప్పు, దాటేయద్దు. దినానికి ఒగటి" అన్నాడు. కాబట్టి మరునాడు నెప్ట్యూన్. ఆ నీలిరంగు గురించి చెబితే, అంత నీలంగా ఉంటే నీళ్ళుండాయా అని అడిగాడు. కరువు సీమ మనిషి ఇంకేం అడుగుతాడు? మూడో రోజు యురేనస్. అన్ని గ్రహాలూ నిలబడి బొంగరంలాగా తిరిగితే అది మాత్రం పక్కకు ఒరిగి పడుకుని దొర్లుతుందని చెప్పాను. "నా మాదిరా?" అని నవ్వాడు, నవ్వు కూడా ఒక పక్కకే వచ్చింది. వదిన కూడా నవ్వింది. సంగటి ఆ రోజు కిటికీలోకి రాలేదు, ముగ్గురం ఒకచోటే తిన్నాం.

నాలుగో రోజు గడప దగ్గరే వదిన ఆపింది. "ఈ పొద్దు ఏది చెప్తావప్పా?" అని అడిగింది.

"శని, వదినా. సుట్టూ వలయాలుంటాయి, సూడల్ల..."

ఆమె మొహం తెల్లబోయింది. "జబ్బు మనిషి దగ్గర కూసోని శని మాట ఎత్తుతావా? వద్దప్పా. నీకు దండం పెడతా. అదొగటి వద్దు" అని నిజంగానే రెండు చేతులూ ఎత్తింది.

నా నోటి దాకా వచ్చింది. శని కూడా ఒక గ్రహమే వదినా, దానికి నీ మొగుడెవరో తెలియదు, ఇట్లాంటి మూఢనమ్మకాల వల్లే ఈ దేశం... పదేళ్ళ కిందట అయితే మొత్తం అనేవాణ్ణి, ఊరు వినేట్టు. ఆమె చేతులు చూశాను. నోరు మూసుకున్నాను. దాన్ని దాటి గురుగ్రహం చెప్పడానికి లేదు, వరస తప్పితే అన్న పట్టేస్తాడు. లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"ఈ పొద్దు ఏదిరా?" అన్నాడు అన్న. పొద్దున్నే గడ్డం గీయించుకుని, శుభ్రమైన చొక్కా వేయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఈ పొద్దు ఏమీ లేదన్నా. రేపు చెప్తా."

"పుస్తకంలో ల్యాదా?"

"ఉండాది. ఇంగా చదవల్ల."

"సదువు, సదువు. తొందరేముండాది" అని కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం పాలు పిండే వేళకు పోయాడు.

వదిన ఇప్పటికీ ఉంది. నాకంటే గట్టిగానే ఉంది. చివరి రోజు నేను ఆమె మాట విని శని పేరెత్తలేదనీ, అందుకే ఆయన బాధ లేకుండా పోయాడనీ, మా మరిది చదువుకున్నవాడైనా ఎంత మంచివాడోననీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆమె ఆ మాట మొదలుపెట్టగానే నేను లేచి వీధిలోకి పోతాను.